కాఫీ మొక్క తాగిన నా వాటా

పోయిన నెలలో మా చిన్నల్లుడు కొత్తగా కొన్న కారులో మమ్మల్నందరినీ అరకు తీసుకువెళ్ళాడు. నాకు అరకు కొత్త చోటేమీ కాదు, ఉద్యోగంలో చేరిన మొదటి ఏళ్ళన్నీ ఆ కొండల్లోనే గడిపినవాణ్ణి; అయినా ఇంటిల్లిపాదీ బయలుదేరుతుంటే ఒక్కణ్ణీ విజయనగరంలో కూర్చుని ఏం చేస్తానని నేనూ ఎక్కాను. ఘాట్ రోడ్డు మలుపులకి మనవరాలికి కడుపులో తిప్పింది, బండి ఆపమంది. ఆపిన చోట రోడ్డు పక్కన బొంగు చికెన్ అమ్మే పాక ఒకటి, దాని వెనక వాలులో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోట. మా అమ్మాయి పిల్లకి మొహం కడుగుతుంటే నేను కాళ్ళు సాగదీసుకోవడానికి అటు నాలుగడుగులు వేశాను.

పాక వెనక బల్ల చుట్టూ నలుగురు కుర్రాళ్ళు కూర్చుని ఉన్నారు. మధ్యాహ్నం రెండు కూడా కాలేదు. బల్ల మీద సీసా, ప్లాస్టిక్ గ్లాసులు, చిప్స్ ప్యాకెట్లు. చివర కూర్చున్న సన్నపాటి కుర్రాడు, మిగతావాళ్ళు ఫోనులో ఏదో చూసి నవ్వుకుంటున్న అదను కనిపెట్టి, గ్లాసు పెదవులకి తాకించి, చెయ్యి మెల్లగా వెనక్కి పోనిచ్చి, అందులో ఉన్నదంతా ఒక కాఫీ మొక్క మొదట్లో ఒంపేశాడు. ఒంపి, మూతి తుడుచుకుని, అప్పుడే గొంతు దిగినట్టు మొహం చేదుగా పెట్టాడు. ఆ మొహం చూసేసరికి నాకు నవ్వొచ్చింది. ఆ విద్యలో నేను అతనికి గురువుని, నాలుగేళ్ళపాటు వారం వారం చేసినవాణ్ణి. నవ్వొచ్చిన మాట నిజమే గానీ ఎక్కువసేపు నిలవలేదు. ఎందుకు నిలవలేదో చెప్పాలంటే నలభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

నా ఈడువాళ్ళకి విడమరిచి చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో ఏజెన్సీకి పోస్టింగు వచ్చిందంటే ఇంట్లో ఉద్యోగం వచ్చిన సంతోషం కంటే మనిషి తిరిగి వస్తాడా అన్న బెంగే ఎక్కువ. మా అమ్మ నా పెట్టెలో బట్టలకంటే ముందు దోమతెర సర్ది, దాని మీద విభూతి పొట్లం పెట్టింది. ఆర్డరులో నా ఉద్యోగం పేరు లేబరేటరీ టెక్నీషియన్. కొండ మీది ఊళ్ళవాళ్ళు మాత్రం నన్ను రక్తం బాబు అనేవారు. జ్వరం వచ్చినవాళ్ళ వేలి మీద సూదితో పొడిచి, ఒక చుక్క రక్తం గాజు పలక మీద పూసి, ఆరబెట్టి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద మలేరియా పురుగు ఉందో లేదో చూసి చెప్పడం నా పని. కరెంటు ఉన్నా లేనట్టే కాబట్టి బల్లని కిటికీ దగ్గరికి జరుపుకుని, మైక్రోస్కోపు కింద ఉండే చిన్న అద్దాన్ని వెలుతురుకేసి తిప్పుకుని చూసేవాణ్ణి. మబ్బు పట్టిందంటే పని ఆగిపోయేది. అరకులో మబ్బు పట్టని రోజులు ఎన్ని ఉంటాయో వెళ్ళినవాళ్ళకి తెలుసు.

ఆసుపత్రి వెనక నాలుగు గదుల క్వార్టర్లు వరసగా ఉండేవి, నాలుగింటికీ కలిపి ఒకే పొడుగాటి వరండా. మొదటి గదిలో హెల్త్ ఇన్‌స్పెక్టరుగారు, రెండోదాంట్లో జీపు డ్రైవరు, మూడోది కాంపౌండరుది, చివరిది నాకిచ్చారు. కాంపౌండరు నాకంటే ఐదారేళ్ళు పెద్ద, నాకంటే రెండు నెలలు ముందు వచ్చినవాడు. మాటల్లో వాళ్ళ ఊరూ మా అమ్మ పుట్టిన ఊరూ పక్కపక్కనేనని తేలింది, ఇంకాస్త తవ్వితే ఏదో దూరపు వరస కూడా కలిసింది, ఆ పూట నుంచి అతను నాకు బావ, నేను అతనికి బామ్మర్ది. పరాయి చోట ఒక వరస దొరికితే మనిషికి ఎంత ధైర్యమో! అతని పెళ్ళాం పిల్లలు కింద, చీపురుపల్లి వైపు ఊళ్ళో ఉండేవారు. పొడిమందు కాగితం ముక్కల్లో వేసి, మడిచి, పొట్లం కట్టడంలో అతని వేళ్ళ వేగం చూడటానికే కొందరు రోగులు కిటికీ దగ్గర గుమిగూడేవారు. నాకు మొదటిసారి జ్వరం వచ్చినప్పుడు మూడు రోజులు గంజి కాచి పెట్టినవాడు అతనే.

ఇన్‌స్పెక్టరుగారిది పెద్ద మీసం, పెద్ద గొంతు, ఏజెన్సీలో మా అందరికంటే పెద్ద సర్వీసు. కింద నుంచి వచ్చిన ఉద్యోగుల్లో, ఆసుపత్రిలోనే కాదు, బడిలోనూ ఆఫీసుల్లోనూ, అప్పట్లో ఒక నమ్మకం పాతుకుపోయి ఉండేది. సారా పుచ్చుకునేవాడికి మలేరియా రాదని. కొండవాళ్ళకి లేదు ఆ నమ్మకం, మా పల్లపు వాళ్ళకే ఉండేది. దానికి పెద్ద ప్రచారకుడు, మలేరియా పనిమీద జీతం తీసుకుంటున్న మా ఇన్‌స్పెక్టరుగారు. “సుక్క పడ్డ ఒంట్లో జొరం పురుగు బతకదోయ్,” అనేవారు, పుస్తకంలో చదివి చెప్పినంత ధీమాగా. నా బల్ల మీది గాజు పలకలు వేరే మాట చెప్పేవి. తాగేవాడి రక్తంలోనూ తాగనివాడి రక్తంలోనూ పురుగు ఒక్కలాగే ఉండేది, అది ఎవరి అలవాట్లూ అడిగేది కాదు. నేనుండగా ఇన్‌స్పెక్టరుగారికే మూడుసార్లు జ్వరం వచ్చింది, మూడుసార్లూ ఆయన పలకలో పురుగుని చూసింది నేనే. చూసి, వెళ్ళి చెబితే, ఆయన దుప్పట్లోంచి మొహం బయటపెట్టి, ఆ వారం మోతాదు తగ్గిందనీ అందుకే వచ్చిందనీ తేల్చారు. ఆ తర్కానికి ఎదురు చెప్పగలవాడు మా జిల్లాలో పుట్టలేదు.

సంత రోజున మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఆసుపత్రిలో రోగుల తాకిడి అయిపోయేది. డ్రైవరు సంతకి వెళ్ళి ఇప్పసారా సీసా ఒకటి, దొరికిన కాలంలో జీలుగు చెట్టు కల్లు కుండ ఒకటి తెచ్చేవాడు. ఆ పూట వరండా మీద చాప పరిచేవారు. నేను చేరిన మొదటి సంత రోజున నా ముందు కూడా ఒక స్టీలు గ్లాసు పెట్టారు. నాకు అలవాటు లేదని చెప్పాను. అలవాటు లేకపోవడం వాళ్ళ దృష్టిలో కారణం కాదు, లోపం. “ఏటోయ్, ఆడగుంటలాగ ఆ సిగ్గేటి? బేగి పట్టు,” అన్నారు ఇన్‌స్పెక్టరుగారు. డ్రైవరు పకపకా నవ్వాడు. నేను దిక్కు తోచక బావ వైపు చూస్తే, అతను కాస్త వంగి నా చెవి దగ్గర, “ఒక్క గుక్కలో మింగీ, రుసి తెలీదు,” అన్నాడు. అనుభవం ఉన్నవాడి కిటుకు కాబోలనుకుని అలాగే మింగాను.

మొదటి ఆరు నెలలూ నిజంగానే తాగాను. ఎవరూ నా నోరు తెరిచి పోయలేదు. ఆ కొండల్లో పని అయ్యాక నాతో మాట్లాడే మనుషులు ఆ ముగ్గురే, వాళ్ళు కూర్చున్న చాప మీద చోటు పోగొట్టుకోవడం కంటే గ్లాసు ఎత్తడం తేలిక అనిపించింది. బెదిరించి తాగించి ఉంటే ఎదురు తిరిగేవాణ్ణేమో. నవ్వుతూ, భుజం మీద చెయ్యి వేసి, నీ మంచికే చెబుతున్నాం అన్నట్టు చేసే బలవంతానికి ఎదురు తిరగడం ఎలాగో మా ఇళ్ళల్లో ఎవరూ నేర్పలేదు. మర్నాడు పొద్దున్న తల పగిలిపోయేది, కడుపులో మంట, మైక్రోస్కోపు మర తిప్పుతుంటే వేళ్ళు మాట వినేవి కావు. పైగా అలాంటి పొద్దుటిపూటే రోగులు ఎక్కువ వచ్చేవారు, ముందురోజు సంతకి దిగి, రాత్రికి అక్కడే ఉండిపోయినవాళ్ళు.

అలాంటి ఒక పొద్దున్న ఒక తల్లి ఐదారేళ్ళ ఆడపిల్లని వీపున కట్టుకుని తెచ్చింది. రక్తం తీశాను, చూశాను, ఏమీ లేదని చీటీ రాసి పంపేశాను. నాలుగు రోజుల తరవాత అదే తల్లి అదే పిల్లని తెచ్చింది, ఈసారి పిల్ల కళ్ళు తెరవడం లేదు. మా ఆసుపత్రి డాక్టరమ్మ ఆ పిల్లని చూస్తుంటే నేను పెట్టెలోంచి పాత పలక తీసి మళ్ళీ చూశాను. పురుగులు ఉన్నాయి. దాక్కుని లేవు, ప్రతి చోటా సన్నటి ఉంగరాల్లా కనబడుతూనే ఉన్నాయి. నాలుగు రోజుల కిందట కూడా అవి అక్కడే ఉన్నాయి, చూడవలసినవాడు చూసే స్థితిలో లేడు. మందు పడింది, పిల్ల వారం రోజులకి లేచి తిరిగింది. ఆ పిల్ల బతికింది కాబట్టే ఈ మాట ఇంత నిమ్మళంగా రాస్తున్నాను. ఇంక తాగకూడదని ఆ రోజే అనుకున్నాను. అయితే ఆ సంగతి ముగ్గురికీ ఎలా చెప్పాలో మాత్రం తెలియలేదు.

ఎలా చెప్పాలో చూపించినవాడు ఒక కొండ ఊరి పెద్దాయన. చైత్రంలో కొండవాళ్ళు చేసుకునే ఇటుకల పండుగ రోజుల్లో రక్తం తీయడానికి వాళ్ళ ఊరు వెళ్ళాను, పండుగ కాబట్టి పని జరగలేదు, కూర్చోబెట్టారు. అందరి చేతుల్లో ఆకు దొప్పలు, ఒకతను కల్లు కుండ పట్టుకుని వరసగా పోసుకుంటూ వస్తున్నాడు. పెద్దాయన దగ్గరికి రాగానే ఆయన తన దొప్పలో పోసిన దాన్ని నుదుటికి తాకించి, నేల మీద రెండు చుక్కలు వదిలి, మిగతాది పక్కవాడి దొప్పలో ఒంపి, ఖాళీ దొప్పని తన ముందు బోర్లించాడు. కుండ పట్టుకున్నతను తరవాతి మనిషి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ తిరిగి చూడలేదు. పెద్దాయన అందరితో పాటు కూర్చునే ఉన్నాడు, అందరికంటే ఎక్కువ కబుర్లు చెప్పాడు. తరవాత నేను కారణం అడిగితే ఆయన కాస్త ఆశ్చర్యంగా నన్ను చూసి, “ఒద్దంటే బోర్లించడమే బాబు. ఎందుకని అడక్కూడదు, అడిగినోడిదే తప్పు,” అన్నాడు. అడిగినవాణ్ణి నేనే కాబట్టి నోరు మూసుకున్నాను. కొండల మీద తాగుడు లేదనీ, దానివల్ల కాపురాలు పాడవలేదనీ నేను చెప్పబోవడం లేదు, అవన్నీ కూడా ఈ కళ్ళతోనే చూశాను. కానీ వద్దనుకున్నవాడికి మర్యాదగా పక్కకి తప్పుకునే దారి ఒకటి వాళ్ళు ఉంచుకున్నారు.

ఆ దారి మా వరండా మీదికి తెచ్చుకోవచ్చనుకున్నాను. తరవాతి సంత రోజున నా స్టీలు గ్లాసు చాప మీద బోర్లించాను. ఇన్‌స్పెక్టరుగారు దాన్ని ఒక క్షణం చూసి, ఎత్తి నిలబెట్టి, అంచుదాకా పోసి, “గ్లాసులు కడిగి ఆరబెట్టడం తరవాతోయ్,” అన్నారు. ముగ్గురూ నవ్వారు. సిగ్గుపడి నేనూ నవ్వాను. ఆ నవ్వుతో నా నిర్ణయం ఎలా ఉందో అలాగే ఉండిపోయింది గానీ, దాన్ని అమలు చేసే పద్ధతి మారిపోయింది.

నా గది చివరిది కాబట్టి వరండా అంచున కూర్చోవడం నాకు మామూలే. అంచు కింద ఒక కాఫీ మొక్క ఉండేది, తోటల పని చూసే ఉద్యోగి ఒకాయన జ్వరం తగ్గిన సంతోషంలో పాలిథీన్ సంచిలో తెచ్చి ఇస్తే నేనే నాటాను. ఇన్‌స్పెక్టరుగారు ఏ పాత కథో ఎత్తుకుని, అందరి కళ్ళూ ఆయన మీసం మీద ఉన్నప్పుడు, నా గ్లాసు నా వెనక్కి వెళ్ళి ఖాళీగా తిరిగి వచ్చేది. ఆ తరవాత మొహం చేదుగా పెట్టడం, నాలుగు శనగ గుగ్గిళ్ళు నోట్లో వేసుకోవడం. రెండు మూడు వారాల్లో చెయ్యి తిరిగిపోయింది. తలనొప్పులు పోయాయి, పలకలు స్పష్టంగా కనబడసాగాయి, చాప మీద నా చోటు నాకే ఉంది. నా అంత తెలివైనవాడు లేడనుకున్నాను. ఆ ఎండాకాలానికి కాఫీ మొక్క ఆకులు మాడి, కొమ్మలు ఎండిపోయాయి. దాని మీద జాలిపడినవాడు బావ. సంతనుంచి పశువుల ఎరువు సంచి ఒకటి మోసుకొచ్చి దానికి వేశాడు, రోజూ పొద్దున్నే చెంబెడు నీళ్ళు పోసేవాడు. ఎందుకు ఎండిందో తెలిసిన ఒకే ఒక్కణ్ణి నేను, పక్కన నిలబడి చూస్తూ ఉండేవాణ్ణి. మొక్క చచ్చిపోయాక వరండా గోడలో నీళ్ళు పోయే తూము నాకు ఉపయోగపడింది.

ఒక్క సంగతి మాత్రం నేను లెక్కలోకి తీసుకోలేదు. ఒంపేసేవాడి గ్లాసు తాగేవాడి గ్లాసు కంటే ముందే ఖాళీ అవుతుంది. నేను గట్టివాణ్ణని పేరు పడింది. అక్కడితో ఆగినా బాగుండేది, ఇన్‌స్పెక్టరుగారికి పోటీలు పెట్టడం సరదా. “బామ్మర్ది గ్లాసు కాళీ అయిపోనాది, నువ్వింకా ఆడిస్తన్నావేటి?” అని బావని ఉసిగొల్పేవారు. బావ నా ఖాళీ గ్లాసు వంక చూసేవాడు, కళ్ళు మూసుకుని తనది ఒక్క గుక్కలో మింగేవాడు. మళ్ళీ పోసేవారు, నేను మళ్ళీ ఒంపేవాణ్ణి, అతను మళ్ళీ మింగేవాడు. అలా నాలుగేళ్ళు. నేను పారబోసిన ప్రతి గ్లాసుకీ జోడీగా అతను ఒకటి తాగుతున్నాడని నాకు తెలియకపోలేదు. తాగేది అతను, తాగించేది ఇన్‌స్పెక్టరుగారు, మధ్యలో నాదేముందిలే అనుకునేవాణ్ణి. సంత రోజుకే పరిమితమైనది మెల్లగా వారంలో మూడు రోజులైంది, ఆ తరవాత జ్వరం రాకుండా అన్న పేరుతో గదిలో ఒంటరిగా కూడా మొదలైంది.

మనిషిలో తేడా ముందు కనబడింది పొట్లాల దగ్గర. పొద్దుటిపూట వేళ్ళు వణికి పొడిమందు కాగితం దాటి బల్ల మీద పడేది, పదిగంటలకి గదికి ఒకసారి వెళ్ళి వస్తే వణుకు తగ్గేది. అన్నం సగంలో వదిలేసేవాడు. మొహం నల్లబడింది, చేతులు పుల్లల్లా సన్నబడ్డాయి. వేసవి సెలవులకి పిల్లల్ని తీసుకుని అక్క వచ్చింది, బావ భార్య నాకు అక్క వరస. వారం రోజులుండి, బస్సు ఎక్కేముందు నన్ను పక్కకి పిలిచి, “నువ్వు పక్కనున్నావు కదా తమ్ముడూ, నాకు దిగుల్నేదు,” అంది. నేను తల ఊపాను.

వానలు మొదలయ్యాక ఒక రోజు బావ నా బల్ల దగ్గరికి ఒక చిన్న సీసా తెచ్చి పెట్టాడు. ఎవరో పేషెంటుదట, మూత్రం, కామెర్లున్నాయేమో చూడమన్నాడు. మామూలుగా అలాంటి సీసాలు ఆయా తెస్తుంది, చీటీ కూడా ఉంటుంది. దీనికి చీటీ లేదు, తెచ్చినవాడు వెళ్ళకుండా నా వెనకే నిలబడ్డాడు. ఆ రోజుల్లో మా దగ్గర ఉన్న పరీక్ష చాలా చిన్నది. గాజు గొట్టంలో మూత్రం పోసి పైన చిటికెడు గంధకం పొడి చల్లడం. మామూలు మనిషిదైతే పొడి పైనే తేలుతుంది, పైత్యం కలిసి ఉంటే కిందికి దిగుతుంది. నేను చల్లిన పొడి ఒక్క క్షణం పైన నిలిచి, పసుపు దారాల్లా కిందికి జారి, అడుగున కుప్పపడింది. వెనక్కి తిరిగి అతని కళ్ళు చూశాను, తెల్లగుడ్డు పసుపుపచ్చగా ఉంది.

సీసా ఎవరిదని నేను అడగలేదు, అతనూ చెప్పలేదు. మానెయ్యి బావా అన్నాను. అతను నిజంగా అర్థం కానివాడిలా, “మనిద్దరిదీ ఒకే సీసా కదేటి. నాకంటే నువ్వే ముందు కాళీ సేస్తావు. నీకు రానిది నాకెందుకొస్తాది? ఇది నీళ్ళ వల్లొచ్చిన కామెర్లే,” అన్నాడు. చెప్పవలసిన సమయం అదే. ఒక్క వాక్యం చాలు, నేను నాలుగేళ్ళుగా చుక్క ముట్టలేదు అని. గొంతు దాకా వచ్చింది. నాలుగేళ్ళ నాటకం బయటపడితే అతను నన్ను ఎలా చూస్తాడో, ఇన్‌స్పెక్టరుగారి చెవిన పడితే ఆ చాప మీద ఎన్ని రోజులు నవ్వుతారో అన్న ఆలోచన దాన్ని వెనక్కి నెట్టేసింది. నేను గాజు గొట్టం కడగడానికి లేచాను. నా ఆరోగ్యం అతనికి సాక్ష్యంగా పనికొచ్చింది, అది దొంగ సాక్ష్యం.

లివరు గురించి నాకు తెలిసినదేమిటంటే, అది తొందరగా మొరపెట్టుకునే అవయవం కాదు. పళ్ళు, కీళ్ళు చిన్నదానికే గోల చేస్తాయి, ఇది చాలావరకు పాడయ్యేదాకా మనిషిని తిరగనిస్తుంది. ఒకే చాప మీద ఒకే సీసా తాగినవాళ్ళలో ఒకడిని ముందు పట్టుకుంటుంది, ఇంకొకణ్ణి వదిలేస్తుంది, ఎందుకో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఇన్‌స్పెక్టరుగారు నిక్షేపంగా రిటైరయ్యారు. బావకి మాత్రం ఆ కార్తీకానికి కాళ్ళు వాచాయి, కడుపులో నీరు చేరింది. డాక్టరమ్మ కళ్ళు చూసి, కడుపు నొక్కి చూసి, ఒక్కరోజు కూడా ఆగొద్దని విశాఖపట్నం పంపించింది. అక్కడ తగ్గించి పంపారు, ఇంకెప్పుడూ ముట్టొద్దని గట్టిగా చెప్పి పంపారు. రెండు నెలలు ముట్టలేదు. తరవాత ఒక సంత రోజున మళ్ళీ చాప మీదికి వచ్చాడు, నా గ్లాసు ఖాళీ అయింది, అతనిదీ అయింది. ఆ రోజు కూడా నేను తూములోనే ఒంపాను.

రెండోసారి విశాఖపట్నం తీసుకువెళ్ళింది రక్తం కక్కుకున్నాక. నేను సెలవు పెట్టి చూడటానికి వెళ్ళాను. పగటిపూట, వార్డు నిండా ఎండ. అక్క కాఫీ తేవడానికి కిందికి వెళ్ళింది. కడుపు ఒక్కటే పెద్దగా, మిగతా మనిషంతా దుప్పట్లో కలిసిపోయి ఉన్నాడు, తెలివి మాత్రం బాగానే ఉంది. అప్పుడు చెప్పాను. బోర్లించిన గ్లాసు దగ్గర్నుంచి, కాఫీ మొక్క, తూము, అన్నీ చెప్పాను. చెప్పినంతసేపూ మంచం ఇనుప కమ్మీని చూస్తూ చెప్పాను.

అతను తల నా వైపు తిప్పాడు. “ఆ మొక్క అందుకేనేటి సచ్చిపోనాది?” అని మాత్రం అడిగాడు, ఔనన్నాను. చిన్నగా నవ్వబోయాడు, దగ్గొచ్చింది. దగ్గు ఆగాక అన్నాడు, “నాకూ అది ఎప్పుడూ పడలేదురా. వాసనకే కడుపులో తిప్పీది. నీ ముందర తీసికట్టయిపోతానని మింగీవోణ్ణి. సెప్పుంటే ఇద్దరం కలిసి పారబోసీవోళ్ళం కదేటి.” కోపంగా అనలేదు. తిట్టి ఉంటే నాకు బాగుండేది. ఒక్క గుక్కలో మింగితే రుచి తెలియదని మొదటిరోజు నా చెవిలో చెప్పిన మాట అప్పుడు నాకు అర్థమైంది. అక్క కాఫీ తెచ్చింది, తాగాను.

ఆ తరవాత రెండు వారాలు బతికాడు. పోయాక పదకొండో రోజున వాళ్ళ ఊరు వెళ్ళాను. అక్క నా చేతులు పట్టుకుని, పక్కనే ఉండి సొంత తమ్ముడి కంటే ఎక్కువ చూసుకున్నానని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. నేను కాదనలేదు. ఇప్పటికీ ఆమెకి నిజం తెలియదు. ఎన్నిసార్లు చెప్పాలనుకున్నానో లెక్కలేదు గానీ, చెబితే తేలికపడేది నేను, మోయవలసింది ఆమె, అందుకని ఊరుకున్నాను. ఇది కూడా నేను నాకు చెప్పుకునే సాకే కావచ్చు.

మూడు వారాలు చాప పరవలేదు. నాలుగో వారం పరిచారు. నా ముందు గ్లాసు పెట్టగానే నేను దాన్ని బోర్లించాను. నవ్వుతారని, ఎత్తి నిలబెడతారని ఎదురు చూశాను. ఇన్‌స్పెక్టరుగారు దాన్ని చూసి, తల దించుకుని, పక్క గ్లాసులో పోసుకున్నారు. అంతే. నాలుగేళ్ళు నేను భయపడిన సంగతి అంత మాత్రమే.

ఇదంతా పాక వెనక నిలబడ్డ రెండు మూడు నిమిషాల్లో గుర్తొచ్చింది. ఆ కుర్రాడు రెండో గ్లాసు కూడా మొక్కకి పోశాడు. ఈసారి నేను అతన్ని చూడలేదు, పక్కన కూర్చున్నవాణ్ణి చూశాను. కాస్త బొద్దుగా, కళ్ళజోడు పెట్టుకుని ఉన్నాడు. అతను ఆ ఖాళీ గ్లాసు వంక ఒకసారి చూసి, కళ్ళు మూసుకుని, తనది ఒక్క గుక్కలో మింగాడు.

నాకు ఇతరుల విషయాల్లో తలదూర్చే అలవాటు లేదు. ఆ రోజు మాత్రం, సన్నపాటి కుర్రాడు చేతులు కడుక్కోవడానికి నీళ్ళ డ్రమ్ము దగ్గరికి వచ్చినప్పుడు, దగ్గరికి వెళ్ళి మెల్లగా చెప్పాను. బాబూ, నువ్వు పారబోస్తున్నావని నీ పక్కవాడికి తెలియదు, నీ గ్లాసు చూసి తాగుతున్నాడు, పోసేదేదో అతనికి కనబడేలా పొయ్యి అని. కుర్రాడి మొహం ఎర్రబడింది. “అబ్బే, ఏదో సరదాకి అంకుల్,” అన్నాడు, అని బల్ల వైపు తిరిగి చూశాడు. ఇటు మా అల్లుడు హారను కొట్టాడు. కారు మలుపు తిరుగుతుంటే వెనక అద్దంలోంచి చూడబోయాను, సిల్వర్ ఓక్ చెట్లు తప్ప ఏమీ కనబడలేదు.

అరకు చేరాక వెళ్ళి చూస్తే, మా ఆసుపత్రి చోట ఇప్పుడు రెండంతస్తుల కొత్త భవనం ఉంది. మలేరియా పురుగుకి పలకా, రంగూ, కిటికీ వెలుతురూ అక్కర్లేదు, చిన్న పట్టీ మీద చుక్క రక్తం వేస్తే పావుగంటలో గీత చెబుతుంది. జ్వరాలు తగ్గాయి, చుక్క వేసుకుంటే జ్వరం రాదనే మాట నమ్మేవాళ్ళు లేరు, తాగడానికి ఇప్పుడు జ్వరం సాకు కూడా అక్కర్లేదు. మర్నాడు సంతలో కాసేపు తిరిగితే ఆకు దొప్ప ఎక్కడా కనబడలేదు, అన్నీ ప్లాస్టిక్ గ్లాసులే. ఒకటి తీసుకుని బోర్లించి చూశాను, గాలికి ఎగిరి రోడ్డు మీదికి పోయింది. వరండా కూడా పడగొట్టేశారు, తూము ఎక్కడుండేదో పోల్చుకోలేకపోయాను. ఆ చోట కాఫీ మొక్కలు వరసగా నాటారు, ఏపుగా ఉన్నాయి. వాటి దగ్గర నిలబడితే బావ చెంబుతో నీళ్ళు పోయడమే కళ్ళకి కట్టింది. ఇద్దరం కలిసి పారబోయవలసినది నేనొక్కణ్ణే పారబోశాను.